కుడిచెయ్యి ఎత్తి

ఆగస్టు మూడోవారం వచ్చిందంటే డ్వైట్ పార్సిల్ కొట్టుకు ఆ ఫారాలు రావడం మొదలవుతుంది. బడి తెరిచేలోగా పిల్లల టీకాల కార్డయినా చూపించాలి, లేదంటే మా మతవిశ్వాసం టీకాలను ఒప్పుకోదని రాసి, నోటరీ ముందు ప్రమాణం చేసి, ముద్ర వేయించుకున్న ఫారమైనా ఇవ్వాలి. కాల్వర్ ఊళ్లో ఆ ముద్ర ఇద్దరి దగ్గరే ఉంది. ఒకామె బ్యాంకులో కూర్చుంటుంది. రెండో మనిషి కెండ్రా. పార్సిళ్లు కట్టడం, తూకం వెయ్యడం, మధ్యలో ముద్రలు వెయ్యడం ఆమె ఉద్యోగం.

ఆ బుధవారం పొద్దున వచ్చినాయన ముగ్గురు పిల్లల్ని వెంటేసుకొచ్చాడు. కెండ్రా చేతిలోని టేపు మిషను పక్కన పెట్టి, ఆయన లైసెన్సు తీసుకుని, బొమ్మలో మొహాన్నీ ఎదురుగా ఉన్న మొహాన్నీ పోల్చి చూసింది. నల్ల అట్ట పుస్తకంలో పేరూ తేదీ రాసి ఆయన చేత సంతకం పెట్టించింది.

"కుడిచెయ్యి ఎత్తండి. ఇందులో రాసిందంతా నిజమేనని ప్రమాణం చేస్తున్నారా? దేవుడి సాక్షిగానా, మనస్సాక్షిగానా?"

రెండూ అడగాలని చట్టం. నాలుగేళ్లుగా అడుగుతూనే ఉంది. ఆ రెండోది కావాలన్నవాడు ఒక్కడూ తగల్లేదు.

"దేవుడి సాక్షిగానే," అన్నాడాయన, ఇదేం ప్రశ్న అన్నట్టు చూసి.

ముద్ర పడింది. చిన్నవాడు బల్ల అంచును పట్టుకుని వేలాడుతూ దగ్గాడు. వాళ్లు గుమ్మం దాటగానే కెండ్రా క్రిములు చంపే మందుతో తడిపిన కాగితంతో బల్లంతా తుడిచింది. అంచుల్ని రెండుసార్లు తుడిచింది. తర్వాత చేతులు, ఆ తర్వాత పెన్ను. ఇంట్లో ఐదు నెలల ఇడా ఉంది. తట్టు టీకా వెయ్యాలంటే ఏడాది నిండాలట. చుట్టుపక్కల జబ్బు తిరుగుతుంటే ముందుగా వేస్తారట గాని, దానికైనా ఆరు నెలలు నిండాల్సిందే. పక్క కౌంటీలో ఏడుగురికి తట్టు సోకిందని సోమవారం రేడియోలో చెప్పారు. అప్పట్నుంచి కెండ్రా వంటింటి క్యాలెండర్ మీద రోజులు కొట్టేసుకుంటూ వస్తోంది. ఇంకా ఇరవై నాలుగున్నాయి.

పన్నెండింటికి స్నేహితురాలు షెల్బీ వచ్చింది. బుధవారం బుధవారం రెండు టర్కీ సాండ్‌విచ్‌లు పట్టుకొస్తుంది. ఇద్దరూ బల్లకు అటొకరూ ఇటొకరూ నిలబడి తింటారు. ఏ చర్చికి వెళ్తారు అన్నది పేరు తర్వాత అడిగే మొదటి ప్రశ్న అయిన ఆ ఊళ్లో, ఎక్కడికీ వెళ్లమని చెప్పగలిగినవాళ్లు వాళ్లిద్దరే.

"ఏమే, ఇవాళ ఎంతమంది దేవుణ్ణి సాక్ష్యానికి లాక్కొచ్చారు?"

"పొద్దున్నుంచి నలుగురు."

"పాపం ఆయనకీ తీరిక లేదు. వానల సంగతి చూడవయ్యా అంటే వీళ్ల సంతకాలు చూసుకుంటున్నాడు."

అట్టపెట్టెల దుమ్ముకు కెండ్రాకి తుమ్ము వచ్చింది. గుమ్మం దగ్గర కవర్లు ఏరుకుంటున్న ముసలాయన తలెత్తకుండానే, "దేవుడు దీవించుగాక," అన్నాడు. షెల్బీ కళ్లు పైకి తిప్పింది. ఈ దేశంలో తుమ్మినా ఆయన్ని పిలవాల్సిందేనని దాని గొడవ. వాళ్లిద్దరిలో ఎవరు తుమ్మినా రెండోది, "దూరం పో," అంటుంది. అది వాళ్ల దీవెన.

"దూరం పో," అంది షెల్బీ. ముసలాయన వెళ్లేదాకా ఆగి, చేతిసంచిలోంచి నాలుగు మడతల కాగితం తీసింది. "నవ్వకు."

కెండ్రా విప్పి చూసింది. అదే ఫారం. పిల్ల పేరు దగ్గర పైపర్ అని రాసి ఉంది. దాని కింద అచ్చువేసిన వాక్యం: నేను మనస్ఫూర్తిగా నమ్మే మతం నా బిడ్డకు టీకాలు వేయించడాన్ని నిషేధిస్తున్నది.

"నీకు మతమెక్కడిదే?"

"ఇవాళ పొద్దున పట్టుకుంది. నోరు మూసుకుని ముద్ర వెయ్యి."

కెండ్రాకి నవ్వు రాలేదు. "పైపర్‌కి టీకాలు లేవా?"

షెల్బీ సాండ్‌విచ్ చుట్టిన కాగితాన్ని చిన్న చిన్న మడతలు పెట్టింది. "ఆరో నెలలో వేయించుకుని ఇంటికొస్తుంటే జ్వరమొచ్చింది. కారులోనే ఫిట్స్. పెదాలు ఈ పెన్ను నీలం మూత రంగుకొచ్చాయి. ఆసుపత్రికి పదకొండు నిమిషాలు పట్టింది. కొందరు పిల్లలకి జ్వరంతో అలా వస్తుంది, భయం లేదు, మళ్లీ వేయించుకోవచ్చు అన్నాడు డాక్టరు. వద్దని రాసివ్వండి అంటే రాయనన్నాడు. ఆయన దాన్ని చూసింది మూడు నిమిషాలు. పదకొండు నిమిషాలు చూసింది నేను."

"తట్టు టీకా?"

"అంతదాకా వెళ్లనే లేదు. ఆ తర్వాత ఏదీ వేయించలేదు."

"నాలుగేళ్లుగా?"

"నువ్వెప్పుడూ అడగలేదు కదే."

నిజమే, అడగలేదు. పగటిపూట ఊళ్లో పిల్లల్ని చూసుకునే గెయిల్ ఇంట్లో ఇడాని దింపేటప్పుడు చర్చి వాళ్ల పిల్లలు ఎవరెవరున్నారో కళ్లతో లెక్కపెట్టుకునేది. వాళ్లు ముట్టుకున్న బొమ్మల్ని ఇడా దగ్గర్నుంచి జరిపేది. అక్కడే ఉండే పైపర్ వచ్చి ఇడాని ఒళ్లో కూర్చోబెట్టుకుంటే మాత్రం ఫోన్‌లో ఫోటో తీసుకునేది.

"బ్యాంకులో వేయించుకోవచ్చు గదా?"

"అక్కడున్నావిడ ఆదివారం పిల్లలకి బైబిలు చెప్తుంది. ఏ చర్చి అని అడుగుతుంది. నీ దగ్గరైతే ఆ బాధ లేదనుకున్నా." షెల్బీ లైసెన్సు తీసి బల్లమీద పెట్టింది. "కానీ. బడి వాళ్లు శుక్రవారం దాకానే తీసుకుంటారు."

కెండ్రా చేతులు అలవాటు కొద్దీ కదిలాయి. లైసెన్సు తీసుకుని, తొమ్మిదేళ్లుగా తెలిసిన మొహాన్ని బొమ్మలోని మొహంతో పోల్చింది. పుస్తకంలో పేరు రాసింది. షెల్బీ సంతకం పెట్టింది.

"కుడిచెయ్యి ఎత్తు. ఇందులో రాసిందంతా నిజమేనని ప్రమాణం చేస్తున్నావా? దేవుడి సాక్షిగానా, మనస్సాక్షిగానా?"

"మనస్సాక్షిగానే," అంది షెల్బీ వెంటనే. "దేవుణ్ణెక్కణ్ణించి తేను?"

అన్నాక తానేమన్నదో తనకే తెలిసింది. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. వేలికి ఆవాల సాసు అంటుకుని ఉంది. బయట లారీ ఒకటి వెళితే అద్దాలు కాసేపు అదిరాయి.

కెండ్రా ముద్రకు మూత పెట్టేసింది.

"నావల్ల కాదు షెల్బీ."

"కెండ్రా, ఆటలాడకు."

"నాలుగేళ్లుగా ఆ మాట అడుగుతున్నాను. వచ్చినవాళ్లు నమ్ముతున్నారో లేదో నాకు తెలీదు. నీ సంగతి తెలుసు."

"నిజమా కాదా చూడ్డం నీ పని కాదని నువ్వే కదే చెప్పావు! మొహం చూడ్డం, చెయ్యి చూడ్డం, అంతేనన్నావు. రెండు వందల మందికి వేసి ఉంటావు. వాళ్లంతా మోషేలా కొండ దిగి నేరుగా నీ దగ్గరికొచ్చారా?"

"వాళ్లకి బుద్ధి లేదు. నీకుంది."

"అంటే బుద్ధి లేనివాళ్ల పిల్లలకైతే ఫరవాలేదు."

"నా పిల్ల అదే ఇంట్లో నిద్రపోతోందే!" ఆ మాట అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "దానికి టీకా వేసే వయసు కూడా లేదు. నీకు తెలిసీ."

వెనక గదిలోంచి డ్వైట్ వచ్చాడు. పెద్దమనిషి, మెత్తగా మాట్లాడతాడు. సంగతి విని ఫారం తిరగేసి చూసి, "కెండ్రా, చదవడం మన పని కాదమ్మా," అన్నాడు.

"తెలిసి తెలిసి అబద్ధానికి ముద్ర వెయ్యకూడదని రూలుంది, సర్."

షెల్బీ ఆయన చేతిలోంచి కాగితం లాక్కుంది. దాన్ని మళ్లీ నాలుగు మడతలూ పెట్టి సంచిలో వేసుకుంది. తలుపు తోసుకుని వెళ్లిపోయింది. సగం తిన్న సాండ్‌విచ్ బల్లమీదే ఉంది.

డ్వైట్ ఆమె వైపు తిరిగాడు. "కాన్పుకి తీసుకున్నావు. తర్వాత పాప జలుబుకని తీసుకున్నావు. సెలవులన్నీ అయిపోయినా నేనేమీ అనలేదు. ఇప్పుడు వచ్చినవాళ్లని వెనక్కి పంపుతున్నావు. ఇంకొక్కటి, అది సెలవుగానీ ఫిర్యాదుగానీ, వచ్చిందంటే నేను వేరే మనిషిని చూసుకోవాలి. అర్థమైందా?"

అర్థమైంది. ఆ ఉద్యోగం మీదే పాప వైద్యం బీమా ఉంది. మొగుడు కోల్ గాలిమరల స్తంభాలెక్కి పనిచేస్తాడు, మూడు వారాలు బయట ఉంటే ఒక వారం ఇంట్లో. అతని కంపెనీ బీమా ఇవ్వదు. కెండ్రా తలూపింది. పుస్తకంలో షెల్బీ సంతకం పెట్టిన వరస మీద స్కేలు పెట్టి అడ్డంగా గీత గీసింది.

సాయంత్రం గెయిల్ ఇంటికి వెళ్లేసరికి ముందుగదిలో తివాచీ మీద ఆరుగురు పిల్లలున్నారు. పైపర్ బోర్లా పడుకుని ఇడా పాదాన్ని నోటికి ఆనించి బుర్రుమని ఊదుతోంది. ఇడా కిలకిలా నవ్వుతోంది. కెండ్రా చెప్పులతోనే లోపలికి వెళ్లి పాపను ఎత్తేసుకుంది.

"అయ్యో, ఇంకా ఆడుకుంటున్నాం," అంది పైపర్.

గెయిల్ వంటింట్లో పాలసీసాలు కడుగుతోంది. కెండ్రా చెప్పిందంతా వింది గాని చేతులు ఆపలేదు.

"షెల్బీ నాలుగింటికే ఆ కాగితం నకలొకటి నాకూ తెచ్చిచ్చింది. బ్యాంకు ముద్ర ఉంది. ముద్రున్నాక నేనేం చెయ్యను చెప్పు?"

"అది అబద్ధం, గెయిల్."

"కావచ్చు. అలాంటి కాగితాలు ఇంకా రెండున్నాయి నా దగ్గర. వాటిలో నిజమెంతో నాకేం తెలుసు? దాన్ని రావద్దంటే ఆ రెండిళ్లవాళ్లనీ రావద్దనాలి. అప్పుడు మిగిలేది నీ పిల్లా, ఇంకో ఇద్దరూ. నా ఇల్లు గడవద్దా?" సీసా బోర్లించి కెండ్రా వైపు చూసింది. "నువ్వు మరీ భయపడతావు హనీ. మొన్న ద్రాక్షపండు అడ్డంపడుతుందని నిలువునా కోసి పెట్టమన్నావు, దీనికింకా పళ్లే రాలేదు."

ఇంటికెళ్లి కెండ్రా స్నానాల గదిలో ఇడా పాదాన్ని సబ్బుతో కడిగింది. వేళ్ల సందుల్లో కడిగింది. పాప మళ్లీ కిలకిలా నవ్వింది, ఇదీ ఆటేననుకుని.

గురువారం పొద్దున పాపను మళ్లీ ఆ ఇంట్లోనే దింపింది. ఇంకెక్కడ దింపుతుంది? తివాచీకి దూరంగా, కిటికీ దగ్గర ఊయలలో పడుకోబెట్టి, చుట్టూ కుర్చీలు అడ్డం పెట్టి వచ్చింది. పదింటికి క్లినిక్‌కి ఫోన్ చేస్తే ఆరు నెలలు నిండకుండా టీకా వెయ్యలేమని, అంతవరకు గుంపుల్లోకి తీసుకెళ్లొద్దని నర్సు చెప్పింది. ఆరుగురు పిల్లలున్న ఇల్లు గుంపవుతుందా అని అడిగింది కెండ్రా. అవుతుందంది నర్సు.

పదకొండింటికి మిసెస్ హెంప్‌స్టెడ్ వచ్చింది. డెబ్భై దాటిన మనిషి, పొడుగ్గా నిటారుగా ఉంటుంది. మిల్ రోడ్ చర్చిలో, పనికెళ్లే తల్లులు పిల్లల్ని వదిలే పసిపిల్లల గది ఆవిడ చేతిమీదే నడుస్తుంది. చేతిలో మడిచిన కాగితం ఉంది. కెండ్రా పుస్తకం తెరిచి, ఆవిడ మొహం చూడకుండానే, "టీకాల ఫారమేనా?" అంది.

"టీకాలేమిటి? మనవణ్ణి విమానమెక్కించి మా అమ్మాయి దగ్గరికి పంపుతున్నాను. అనుమతి కాగితం." ఆవిడ కళ్లజోడు సవరించుకుంది. "ఆ ఫారాల వాళ్లలో నన్ను కలుపుతావా? ఆ కాగితం పట్టుకొస్తే మా పాస్టర్ సొంత మనవల్నయినా నా గది గడప దాటనివ్వను. ఒకసారి దాటనివ్వలేదు కూడా. రెండు నెలలు నాతో మాట్లాడలేదాయన."

కెండ్రా పెన్ను ఆగింది.

"మా తమ్ముడికి నాలుగో ఏట తట్టు వచ్చింది," అంది మిసెస్ హెంప్‌స్టెడ్, లైసెన్సు కోసం సంచి వెతుక్కుంటూ. "జ్వరం తగ్గాక అమ్మ పిలుస్తుంటే పలకలేదు. అలిగాడనుకుంది. ఆ రోజంతా అలా అనుకుంటూనే ఉంది. వాడికిప్పుడు అరవై ఎనిమిది. ఈ రోజుకీ ఏమీ వినపడదు. దేవుడు మనకి డాక్టర్లని ఇచ్చింది ఎందుకనుకున్నావు?"

కుడిచెయ్యి ఎత్తి, అడక్కుండానే దేవుడి సాక్షిగా అంది. ముద్ర పడ్డాక కెండ్రా కాగితాన్ని వెంటనే వదల్లేకపోయింది.

"మీ గదిలో చోటుందా? మా పాపకి ఐదు నెలలు. ఇప్పటిదాకా వెయ్యాల్సినవన్నీ వేయించాను."

ఆవిడ ఆమెను పరీక్షగా చూసింది. "ఒక తొట్టె ఖాళీగా ఉంది. కానీ చర్చి కుటుంబాల పిల్లలకే ఇస్తారు. కొత్తవాళ్లయితే ఒక కార్డు మీద సంతకం పెట్టాలి." ఆగింది. "అది ఏం కార్డో నీకు తెలిసే ఉంటుంది."

"ఊహించగలను."

"సోమవారం ఏడున్నరకి రా."

శుక్రవారం కూడా ఇడా గెయిల్ ఇంట్లోనే గడిపింది. కెండ్రా సాయంత్రం వెళ్లేసరికి కుర్చీలు మళ్లీ గోడ పక్కకు చేరాయి. ఊయల అంచు పట్టుకుని పైపర్ నిలబడి ఉంది. అరచేత్తో ముక్కు తుడుచుకుంటూ, ఇడాకి ఏదో పాట వినిపిస్తోంది.

ఆ సాయంత్రం కోల్ ఫోన్ చేస్తే కార్డు సంగతి చెప్పింది. "నేను నమ్ముతాను, నా బిడ్డని ఆ నమ్మకంలో పెంచుతాను అని ఉంటుందట."

"పెట్టెయ్ సంతకం. ఒట్టి మాటలేగా."

"షెల్బీ కూడా అదే అంది."

"షెల్బీ సంగతి వేరు. నువ్వు పాప కోసం పెడుతున్నావు."

అవతల గాలి హోరు వినిపించింది. తాడు సరిగ్గా కట్టుకున్నావా అని అడిగింది కెండ్రా. రోజూ అడుగుతుంది.

ఆదివారం పదింటికి ఊరంతా చర్చిల్లో ఉంటుంది. మెయిన్ వీధిలో బట్టలుతికే మిషన్ల షాపు ఖాళీ. ఆ వేళకే షెల్బీ, తనూ చెరో బుట్టా పట్టుకుని వచ్చేవాళ్లు. ఇది మన చర్చి అనేది షెల్బీ, మిషన్లో సబ్బుపొడి పోస్తూ, పాపాలు కూడా నలభై నిమిషాల్లో పోతాయని. ఆ ఆదివారం కెండ్రా ఒక్కతే వచ్చింది. ఇడా బుట్టలో తువ్వాళ్ల మీద పడుకుని, గుండ్రటి అద్దం వెనక తిరుగుతున్న బట్టల్ని చూస్తోంది.

ఫోన్ మోగింది. షెల్బీ.

ఎత్తాలా వద్దా అనుకుంటూనే ఎత్తింది.

"పెట్టెయ్యకు. ఒక్క నిమిషం," అంది షెల్బీ. గొంతు బొంగురుపోయి ఉంది. "పైపర్‌కి నిన్నట్నుంచి జ్వరం. నూట మూడు. కళ్లు ఎర్రగా అయిపోయాయి, వెలుతురు చూడలేకపోతోంది. ఇప్పుడే క్లినిక్ నుంచి వచ్చాం. మమ్మల్ని లోపలికి కూడా రానివ్వలేదు, కారు దగ్గరికే వచ్చి ముక్కులోంచి నమూనా తీసుకెళ్లారు. బుధవారానికి గాని తెలీదట. జలుబే కావచ్చు."

కెండ్రా మిషను అద్దంలోకి చూసింది. తెల్ల సాక్సు ఒకటి పైకొచ్చి, కిందికెళ్లి, మళ్లీ పైకొచ్చింది.

"విన్నావా?"

"ఎప్పుడు మొదలైంది?"

"శుక్రవారం ముక్కు కారింది. నేను పట్టించుకోలేదు. గెయిల్‌కి చెప్పాను. అక్కడ టీకాల్లేని ఆ రెండిళ్లవాళ్లకీ చెప్పాను, తిట్లు తిన్నాను. నీకు చెప్పకుండా ఉండలేకపోయానే. ఇడాని డాక్టరుకి చూపించు. తట్టేనని తేలితే, కలిసిన రోజు నుంచి ఆరు రోజుల్లోగా పసిపిల్లలకి ఇచ్చే ఇంజక్షనేదో ఉందట, అడిగి తెలుసుకున్నా." ఫోన్ ఒక చేతిలోంచి మరో చేతికి మారిన చప్పుడైంది. "'నేను ముందే చెప్పానుగా' అనవే. అనేస్తే నాకు తేలిగ్గా ఉంటుంది."

కెండ్రా అనలేదు. ఇడా కింది తువ్వాలు సర్దింది.

"చీకటి గదిలో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా," అంది షెల్బీ. "తిట్టుకోవడానికి దేవుడు కూడా లేడు నాకు."

ఫోన్ పెట్టేశాక కెండ్రా పాప దగ్గర వంగి కళ్లు చూసింది. తెల్లగానే ఉన్నాయి. నుదురు చల్లగానే ఉంది. చొక్కా ఎత్తి పొట్ట చూసింది, చెవుల వెనక చూసింది. క్లినిక్ నంబరుకి ఫోన్ చేస్తే, ఆదివారాలు ఎత్తే నర్సు చాలా నెమ్మదిగా మాట్లాడింది. పరీక్ష ఫలితం వచ్చేదాకా పాపను ఇంట్లోనే ఉంచండి. వేరే పిల్లల దగ్గరికి తీసుకెళ్లొద్దు. తట్టు కాకపోతే సరే. తట్టే అయితే వెంటనే ఇంజక్షను వేస్తాం, మూడు నుంచి నాలుగు వారాలు బయటికి తీసుకురావద్దు. మీకు బీమా ఉంది కదా?

ఉందంది కెండ్రా.

చర్చి వదిలిన గంట కొట్టాక డ్వైట్‌కి ఫోన్ చేసింది. వెనక మాటలూ కారు తలుపుల చప్పుడూ వినిపించాయి.

"సర్, సోమవారం నుంచి బుధవారం దాకా రాలేను."

"పాపకి ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది."

"మరింకేం?" డ్వైట్ గొంతులో కోపం లేదు. "బడి తెరిచే వారం కెండ్రా. నేనొక్కణ్ణే చెయ్యలేను. రేపు రాకపోతే ఇక రానక్కర్లేదమ్మా. నాకూ మనసొప్పక చెప్తున్నాను."

మిషను ఆగిపోయి చాలాసేపయింది. తడిబట్టలు అద్దానికి అంటుకుని ఉన్నాయి. ఉద్యోగం పోతే బీమా పోతుంది. బీమా పోతే ఆ ఇంజక్షను ఎవరు వేస్తారు? వెళ్లకుండా ఇంట్లో కూర్చుంటే ఒక భయం, వెళ్తే ఇంకో భయం. ఆ రెండింటి మధ్యా ఆమె తువ్వాళ్లు మడిచింది, మూల మూల కలిసేలా, ఒక్కోదాన్ని రెండుసార్లు.

సోమవారం ఏడున్నరకు మిల్ రోడ్ చర్చి వెనక తలుపు తీసే ఉంది. పసిపిల్లల గదిలో ఐదు తొట్టెలు, ఉతికి ఇస్త్రీ చేసిన పక్కలు, బ్లీచు వాసన. నాలుగు తొట్టెల్లో పిల్లలున్నారు. కిటికీ పక్క తొట్టెలోది మరీ చిన్నది, పిడికిళ్లు చెంపలకు ఆనించుకుని నిద్రపోతోంది.

"దానికి ఆరు వారాలు," అంది మిసెస్ హెంప్‌స్టెడ్, కెండ్రా చూపు పట్టుకుని. "వాళ్లమ్మ ఇవాళే మళ్లీ పనిలోకి వెళ్లింది. ఏడ్చుకుంటూ వెళ్లింది పాపం. ఏదీ, నీ బంగారాన్నిలా ఇవ్వు." ఇడాని భుజాన వేసుకుని, కెండ్రా ఇచ్చిన టీకాల కార్డు చూసి, సొరుగులోంచి చర్చి కార్డు తీసి బల్లమీద పెట్టింది. "ఇందులో మొదటి వాక్యం మా పాస్టర్ పెట్టించింది. అది చదవమని నేననను. నీ సంగతి ఊరందరికీ తెలుసు. సంతకం పెట్టెయ్యి, నేనటు తిరిగి పక్కబట్ట సర్దుకుంటాను."

నిజంగానే అటు తిరిగింది.

కెండ్రా ఆ వాక్యాన్ని చదివింది. చదవకుండా సంతకం పెట్టడం ఆమెకు చేతకాదు. నేను విశ్వసిస్తున్నాను అన్న మాట కింద తన పేరు రాసింది. ముద్ర కోసం చెయ్యి దానంతటదే కుడిపక్కకు వెళ్లి, ఖాళీ బల్లను తాకి వచ్చింది.

"అయిందా? రెండోదానికి టీకాల కార్డు చూస్తే చాలు, చూశాను. మూడోది మాత్రం జాగ్రత్తగా చదువు," అంది ఆవిడ, ఇటు తిరిగి. "అది నేను పెట్టించిన ప్రశ్న."

గత మూడు వారాల్లో ఈ బిడ్డ జ్వరంతో ఉన్నవారితోగాని, టీకాలు వేయించుకోని పిల్లలతోగాని కలిసి ఉన్నదా? అవును అయితే మూడు వారాలు ఆగి రావలెను. కింద అవును, లేదు అని రెండు గళ్లు.

గోడ గడియారంలో ఏడూ నలభై. ఎనిమిదింటికి డ్వైట్ తలుపు తీస్తాడు. జలుబే కావచ్చు, షెల్బీయే అంది. పాప ఒళ్లు చల్లగా ఉంది, పొద్దున మూడుసార్లు చూసింది. బుధవారానికి తెలిసిపోతుంది. రెండు రోజులే. బుధవారం సాయంత్రం చెప్పెయ్యొచ్చు, అప్పటికి ఏమీ కాకపోతే చెప్పాల్సిన పనే ఉండదు. కిటికీ పక్క తొట్టెలో పసిబిడ్డ నిద్రలో పెదాలు కదిపింది. కెండ్రా అటు చూడలేదు.

'లేదు' అన్న గడిలో గుర్తు పెట్టి, కింద సంతకం పెట్టింది.

మిసెస్ హెంప్‌స్టెడ్ కార్డు తీసుకుని, చూడకుండానే సొరుగులో వేసింది.

"చూడరా?" అంది కెండ్రా.

"నీ మాట చాలు తల్లీ. ఎవరికో ముద్ర వెయ్యనన్నావట, ఊరంతా అదే మాట. అలాంటి మనిషి మాటకి నోటరీ ఎందుకు?" తన మాటకు తనే నవ్వుకుంటూ ఇడాని తీసుకెళ్లి, ఐదో తొట్టెలో పడుకోబెట్టింది. అది కిటికీ పక్క తొట్టెను ఆనుకునే ఉంది.

ఎవరూ ఆమెను కుడిచెయ్యి ఎత్తమనలేదు.

కెండ్రా పాలసీసాలు బల్లమీద వరసగా పెట్టింది, మార్పు బట్టలు పెట్టింది. తలుపు దాకా వెళ్లి పిడి మీద చెయ్యి వేసింది. వెనక ఇడా తుమ్మింది.

"దేవుడు దీవించుగాక, బంగారూ," అంది మిసెస్ హెంప్‌స్టెడ్, పాప వైపు వంగి.

దుమ్ముకే అయ్యుంటుంది. బ్లీచు వాసనకి అయ్యుంటుంది. కెండ్రా బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసింది గాని, అక్కణ్ణించి కదల్లేకపోయింది. నడవాలో గోడకు ఆనుకుని, ఊపిరి బిగబట్టి, రెండో తుమ్ము వినిపిస్తుందేమోనని నిలబడింది.